వెనక గోడ దగ్గర దింపే యాప్

అధ్యక్షులకూ, సభలోని పెద్దలకూ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘దారి చూపే యాప్‌లలో ఏది మేలు?’ ఒక పేరు చెప్పి కూర్చుంటే అందరికీ హాయి. కానీ ముందు ఒక పని చేద్దాం. ఫోన్లు తీయండి. లొకేషన్ ఆన్‌లోనే ఉంచి ఫ్లైట్ మోడ్ పెట్టండి. మీరు రోజూ వాడే యాప్ తెరిచి, ఈమధ్య వెతకని ఊరు ఏదైనా, 50 కిలోమీటర్ల అవతలిది, దానికి దారి అడగండి. ఏం వచ్చిందో చూసి ఫోన్ పక్కన పెట్టండి. చివర్లో అడుగుతాను.

దారి తప్పగానే ‘జీపీఎస్ ముంచింది’ అంటాం. పాపం, జీపీఎస్‌కి అసలు దారులే తెలియవు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామెక్కడున్నాయో, టైమెంతయిందో చెబుతూ పోతాయి. కనీసం నాలుగింటి మాట వినబడితే ఫోన్ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. వినడమే తప్ప తిరిగి పంపేదేమీ లేదు కాబట్టి దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆకాశం బాగా కనబడే చోట మామూలు ఫోన్‌లో తేడా ఐదు మీటర్లకు అటూఇటూ ఉంటుంది. ఒకే ఫోన్‌లో ఏ యాప్ వేసినా ఈ భాగం దాదాపు ఒకటే. యాప్‌కీ యాప్‌కీ తేడా వచ్చేది మ్యాప్‌లో, అడ్రసు వెతకడంలో, దారి లెక్కకట్టడంలో.

మ్యాప్ సంగతే చూడండి. రెండు రోడ్ల గీతలు ఒకదాన్నొకటి దాటుతుంటాయి. కంటికి అది నాలుగు రోడ్ల కూడలే. కానీ ఆ రెండు గీతలకూ అక్కడ ఉమ్మడి బిందువు పెట్టడం మరిచిపోయారనుకోండి, దారి లెక్కకట్టే ప్రోగ్రాముకి అక్కడ మలుపే లేదు. ఒకటి పైనా ఒకటి కిందా పోతున్నాయనుకుని, తిరగాల్సిన చోట తిప్పకుండా ఎక్కడెక్కడో చుట్టి తెస్తుంది. తెర మీద ఎంత చూసినా తప్పు కనబడదు. ఇలాంటప్పుడు ఆస్మాండ్ అనే యాప్ తీసేసి ఆర్గానిక్ మ్యాప్స్ అనే మరో యాప్ వేసుకుంటే లాభం లేదు, రెండింటి కిందా ఉన్నది ఒకే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఆ మ్యాప్‌ని ఎవరైనా దిద్దవచ్చు. ఆ బిందువు కలిపితే, కొత్త మ్యాప్ ఫోన్‌లోకి దించుకున్నాక రెండు యాప్‌లూ బాగుపడతాయి.

ఇక నా అసలు గోడు, వెనక గోడ గురించి.

మీరు ఒక భవనం పేరు కొడతారు. యాప్ భవనం నడిమధ్యన పిన్ను పెడుతుంది. కారు అక్కడిదాకా పోదు కదా, అందుకని పిన్నుకి దగ్గర్లో ఉన్న రోడ్డు ఏదో చూస్తుంది. ఎలా చూస్తుంది? చాలాసార్లు గాలిలో గీత గీసి. ముందు గేటున్న రోడ్డు 40 మీటర్లు, వెనక సందు 12 మీటర్లు. సందే దగ్గర! మధ్యలో గోడ ఉందని దానికి తెలియదు, గోడని మ్యాప్‌లో ఎవరూ గీయలేదు. ‘మీరు గమ్యం చేరుకున్నారు’ అంటుంది. ఎదురుగా ఎనిమిదడుగుల గోడ. ఉపగ్రహం తప్పు లేదు, దారి లెక్క తప్పు లేదు, పార్సిల్ తెచ్చినవాడు మాత్రం సందులోంచి రివర్సు చేసుకోవాలి. అంబులెన్సయితే? యాప్‌లను పోల్చేవాళ్లు రంగులు చూస్తారు, గొంతు తియ్యగా ఉందా అని చూస్తారు. గోడ దగ్గర దింపిందా గేటు దగ్గర దింపిందా అని ఎంతమంది చూస్తున్నారు? అయ్యా, అమ్మా, మీరైనా చూడండి.

దీనికి మందు సులువే. మీ దగ్గరికి వచ్చేవాళ్లకు భవనం పేరు పంపకండి. మ్యాప్‌ని బాగా పెద్దది చేసి, గేటు ముందు రోడ్డు మీద వేలు నొక్కి పట్టండి, పిన్ను పడుతుంది, దాన్ని పంపండి. అక్షాంశ రేఖాంశాలు అంకెల్లో పంపేవాళ్లు దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు ఉంచండి, తేడా మీటరు దగ్గర ఆగుతుంది. మూడంకెలకు కత్తిరిస్తే వంద మీటర్ల దాకా పోతుంది. మళ్లీ గోడే.

యాప్‌ల పట్టిక ఒకటి తెచ్చాను. గోడ దగ్గరే సగం సమయం అయిపోయింది, పట్టిక మానేసి నోటిమాటగా చెబుతాను. చోటు పేరు సగం తెలిసినా వెతికి పట్టడంలో గూగుల్ మ్యాప్స్‌ది పైచేయి. కానీ దించుకున్న మ్యాప్‌తో నెట్ లేకుండా వాడితే బండి దారే ఇస్తుంది; నడక దారి, ట్రాఫిక్, ప్రత్యామ్నాయ దారులు ఉండవు. వేజ్ బలం తోటి డ్రైవర్లు అప్పటికప్పుడు చెప్పే కబుర్లు. నెట్ లేకపోతే కొత్త దారి అడగలేం. ఆపిల్ మ్యాప్స్‌కి దించుకునే సదుపాయం 2023లో గానీ రాలేదు. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, చురుకు, ట్రాఫిక్ సంగతి తెలియదు. ఆస్మాండ్‌లో సెట్టింగులు అడవిలా ఉంటాయి, కొండదారుల్లో నడిచేవాళ్లకు ఆ అడవే కావాలి. నా మాట: ట్రాఫిక్‌కి ఒకటి, నెట్ లేనిచోటికి ఒకటి, రెండూ ఉంచుకోండి.

ఏ యాప్ మేలో రోడ్డు మీద పరీక్షించి చూడండి; పరీక్షించేది పక్క సీట్లో ఉన్నవాళ్లు, డ్రైవరు కాదు. తెలిసిన దారిలోనే వెళ్లి, కావాలని ఒక మలుపు వదిలేసి, కొత్త దారి చెప్పడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. మూడు సెకన్ల ఆలస్యమంటే 50 మీటర్లు, అంటే తర్వాతి మలుపూ దాటిపోవచ్చు. చేరే టైము బయల్దేరేటప్పుడే రాసుకోండి. యాప్ దారిలో దాన్ని సవరించుకుంటూ వస్తుంది, చివర చూస్తే ఎప్పుడూ నిజమే చెప్పినట్టుంటుంది.

పోలిక మొదలుపెట్టేముందు ఫోన్‌ని సరిచేయండి. యాప్‌కి కచ్చితమైన లొకేషన్ అనుమతి ఇవ్వండి, బ్యాటరీ పొదుపు ఆపండి. లేకపోతే తెర ఆరగానే గొంతూ ఆగిపోవచ్చు. ఎండ పడే అద్దానికి ఫోన్ తగిలించి చార్జింగ్ పెడితే వేడెక్కి తెర మసకబారుతుంది. ఏసీ గాలి తగిలేచోట పెట్టండి.

ఇప్పుడు ఫోన్లు చూడండి. దారి వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఎత్తనివాళ్లు ఇవాళే వైఫై ఉన్నచోట మ్యాప్ దించుకోండి. నీలం చుక్క చుట్టూ పెద్ద వలయం కనబడుతోందా? కప్పు కింద కూర్చున్నాం, సంకేతం సరిగ్గా అందక అంత జాగాలో ఎక్కడో ఉన్నామంటోంది. సరే, ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ ఫ్లైట్ మోడ్ తీసేయండి, ఇంటి నుంచి ఫోన్ కలవలేదని తర్వాత నన్ను అనొద్దు.