ఎండాకాలంలో ఈ మొక్క జోలికి వెళ్ళకండి

(కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఇంటి తోటలు పెంచే తెలుగువాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం, అక్టోబరు మొదట్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలకి ముందు నాకు అరగంట ఇచ్చారు కాబట్టి సుత్తి లేకుండా విషయానికి వస్తాను: బక్‌వీట్ అనే ఇక్కడి అడవి మొక్క.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శాన్ హోసేలో పడేది 400 మిల్లీమీటర్ల లోపే. కరువు సీమ అని మనం పేరు పెట్టుకున్న చోటు కంటే, ముప్పై ఏళ్ళ అప్పు మీద ఇళ్ళు కొనుక్కున్న ఈ ఊళ్ళో వాన తక్కువన్నమాట. లాన్ మీద స్ప్రింక్లర్లు తిరుగుతున్నంతసేపు ఆ సంగతి మనకి తట్టదు. శాంటా క్లారా కౌంటీలో వాడే నీళ్ళలో దాదాపు సగం బయటి నుంచే వస్తాయి. ఎక్కడో సియర్రా కొండల మీద కురిసిన మంచు కరిగి, శాక్రమెంటో నది డెల్టా మీదుగా కాలవల్లోనూ పైపుల్లోనూ ప్రయాణం చేసి మన కుళాయి దాకా వస్తాయి.

అయితే ఎంత వాన అన్నదాని కంటే ఎప్పుడు వాన అన్నది మొక్కకి ముఖ్యం. మన ఊళ్ళలో మృగశిర కార్తె వచ్చాక, నేల ఇంకా వెచ్చగా ఉండగానే చినుకు పడుతుంది. రోహిణి ఎండల్ని ఓర్చుకున్న మొక్క తొలకరికి చిగురేస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. నవంబరు నుంచి మార్చి దాకా చలిలో వాన, మే నుంచి సెప్టెంబరు దాకా చుక్క పడితే గొప్ప. ఇక్కడి అడవి మొక్కలు చలికాలంలో వేరు పెంచుకుంటాయి, వసంతంలో చిగురేస్తాయి, ఎండాకాలమంతా పొడి నేలలో నిలబడతాయి. నేల వెచ్చగానూ తడిగానూ ఒకేసారి ఉండడం వీటిలో చాలావాటికి అలవాటు లేదు. ఆ రెండూ కలిసినప్పుడు ఫైటోఫ్తోరా లాంటి తెగుళ్ళు విజృంభించి వేరు కుళ్ళుతుంది.

అందుకే మన ఇళ్ళలో ఇక్కడి మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్ళు లేక కాదు, నీళ్ళ వల్లే. జూన్‌లో ఇండియా నుంచి నాన్నగారో మావయ్యగారో వస్తారు. పొద్దున కాఫీ అయ్యాక పైపు పట్టుకుంటారు, సాయంత్రం మళ్ళీ పట్టుకుంటారు. మొక్క కాస్త వాలినట్టు కనిపిస్తే "పాపం, ఎండిపోతోందమ్మా" అని ఇంకో బకెట్టు పోస్తారు. వాలింది వేరు కుళ్ళడం వల్ల అయితే ఆ బకెట్టుతో దాని పని అయిపోతుంది. పెద్దవాళ్ళని కాదనలేం కదా. వాళ్ళకి బీర పాదు, గోంగూర మడి, కరివేపాకు కుండీ అప్పజెప్పండి. వాటికి ఆ నీళ్ళు అవసరం. ఇవాళ నేను చెప్పబోయే మొక్కని మాత్రం పైపు అందనంత దూరంలో పెట్టండి.

ఆ మొక్కే బక్‌వీట్. ఇండియన్ షాపులో దొరికే కుట్టు పిండి వేరే మొక్కది. రెండూ ఒకే కుటుంబానివి, అంతవరకే చుట్టరికం. నేను చెప్పేది ఎరియోగోనమ్ అనే అడవి జాతి. ఇందులో సుమారు 250 రకాలున్నాయి, అన్నీ ఉత్తర అమెరికావే. వాటిలో వందకి పైగా కాలిఫోర్నియాలోనే దొరుకుతాయి. సముద్రపు ఇసక దిబ్బల నుంచి మొహావీ ఎడారి దాకా, అక్కణ్ణుంచి సియర్రా శిఖరాల దాకా ఏదో ఒక బక్‌వీట్ ఉంటుంది.

ఈ కొమ్మని ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకోండి. ఇది కాలిఫోర్నియా బక్‌వీట్, ఎరియోగోనమ్ ఫాసిక్యులేటమ్. ఆకు చూడండి, సెంటీమీటరు ఉంటుందేమో, రోజ్‌మేరీ ఆకులా సన్నగా, కణుపు దగ్గర గుత్తిగా పుట్టింది. గోటితో తిప్పి చూడండి. అంచులు రెండు వైపులా కిందికి ముడుచుకుని ఉంటాయి, ఆ మడతలో తెల్లటి నూగు. నీటి ఆవిరి బయటికి పోయే రంధ్రాలు ఆ నూగు కిందే ఉంటాయి. వేడిగాలి నేరుగా తగలదు కాబట్టి తేమ అంత తొందరగా పోదు. ఇప్పుడు పువ్వు. ఎండిపోయిన గుత్తిలో ఒకటి రెండు తెల్లవి ఇంకా విచ్చుకుని ఉన్నాయి, కళ్ళజోడున్నవాళ్ళు పెట్టుకోండి. ఒక్కో పువ్వు మూడు మిల్లీమీటర్లు. ఆరు రేకులు, తొమ్మిది కేసరాలు, కేసరాల కొసలు గులాబీ రంగు. అలాంటివి గుత్తికి బోలెడు. మేలో తెల్లగా మొదలై, గులాబీకి తిరిగి, సెప్టెంబరుకల్లా పాకం పట్టిన బెల్లం రంగుకొస్తాయి. ఆ ఎండు గుత్తులు చలికాలం దాకా రాలవు. నాకైతే పచ్చి పువ్వు కంటే ఆ రంగే ఇష్టం.

జూలై ఆగస్టుల్లో కొండలన్నీ ఎండుగడ్డి అయిపోయాక పువ్వుతో ఉండే కొద్ది మొక్కల్లో ఇదొకటి. తేనెటీగలకి ఆ రోజుల్లో ఇదే దిక్కు. దక్షిణ కాలిఫోర్నియాలో తేనెటీగలు పెంచేవాళ్ళకి బక్‌వీట్ పెద్ద ఆసరా, ముదురు రంగు తేనె వస్తుంది.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. మీలో చాలామంది లాస్ ఏంజిలిస్ విమానాశ్రయంలో దిగే ఉంటారు. రన్‌వేలు దాటి సముద్రం వైపు ఇసక దిబ్బలున్నాయి. ఒకప్పుడు అక్కడ సర్ఫ్‌రిడ్జ్ అనే పేట ఉండేది. జెట్ విమానాల రొద పెరిగాక విమానాశ్రయం ఆ ఇళ్ళన్నీ కొని పడగొట్టింది. ఖాళీ వీధులు మిగిలాయి. ఆ దిబ్బల మీద ఎల్ సెగుండో బ్లూ అనే సీతాకోకచిలుక ఉంది, రెక్కలు విప్పితే మన బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. దాని బతుకంతా ఒకే మొక్క మీద, డూన్ బక్‌వీట్ మీద. ఆ పువ్వుల మీదే వాలి తేనె తాగుతుంది, ఆ గుత్తిలోనే గుడ్డు పెడుతుంది. గొంగళి ఆ పువ్వుల్నీ గింజల్నీ తిని పెరిగి, ఆ మొక్క మొదట్లోనే రాలిన ఆకుల్లో, ఇసకలో ప్యూపాగా పడుకుంటుంది. మళ్ళీ వేసవిలో పువ్వులొచ్చే వేళకి లేస్తుంది.

1970ల మధ్యలో అక్కడ రోడ్డు పని జరిగి, తవ్వేసిన దిబ్బ మీద మళ్ళీ మొక్కలు మొలవాలని విత్తనాలు చల్లారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ విత్తనాల్లో ఇందాక మీరు చూసిన కాలిఫోర్నియా బక్‌వీట్ ఉంది. ఆ దిబ్బలకి అది స్థానికం కాదు. డూన్ బక్‌వీట్ కంటే ముందే పూస్తుంది. దాంతో గింజలు తినే వేరే చిమ్మెటల పురుగులకి ముందుగానే మేత దొరికి అవి పెరిగిపోయాయి. అసలు మొక్క పూసే సరికి ఆ గుంపంతా దాని మీద పడింది. ఈ చిన్న నీలి చిలక పోటీకి నిలవలేకపోయింది. తర్వాత ఆ కొత్త బక్‌వీట్‌ని పీకించి, డూన్ బక్‌వీట్ నాటించారు. ఇప్పుడు అక్కడ సుమారు 200 ఎకరాలు దాని కోసం కాపాడుతున్నారు.

1976లో అమెరికా కేంద్ర ప్రభుత్వం అంతరించిపోతున్న జాబితాలో కాలిఫోర్నియా సీతాకోకచిలుకల్ని ఒకేసారి ఆరింటిని చేర్చింది. అందులో మూడు, ఎల్ సెగుండో బ్లూ, మాంటరే తీరపు స్మిత్స్ బ్లూ, మన పక్కనే ఆంటియాక్ ఇసక దిబ్బల లాంగెస్ మెటల్‌మార్క్, బక్‌వీట్ మీద ఆధారపడ్డవే. వీటిలో ఏదీ ఏ బక్‌వీట్ పడితే దాని మీద బతకదు. కాబట్టి మీ ఇల్లు కొండ అంచునో, ఓపెన్ స్పేస్ అని ఇళ్ళు కట్టకుండా వదిలేసిన నేల పక్కనో ఉంటే ఏ రకం తేవాలో ఆలోచించి తెండి. శాన్ రమోన్, డబ్లిన్ వైపు కొండలకి నేకెడ్ బక్‌వీట్ సొంత మొక్క. హాఫ్ మూన్ బే వైపు అయితే కోస్ట్ బక్‌వీట్. ఊరి నడుమ, చుట్టూ ఇళ్ళే ఉన్న చోట మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు.

ఊరి నడుమ వాళ్ళకి నా సలహా ఇదీ. చిన్న జాగా, కాలిబాట పక్కన అయితే రెడ్ బక్‌వీట్. దక్షిణాన ఉన్న చానెల్ ఐలండ్స్ మొక్క, అడుగు ఎత్తు, ముదురు గులాబీ పువ్వు, చూడగానే నచ్చుతుంది. పెద్ద జాగా ఉంటే సెయింట్ క్యాథరిన్స్ లేస్. అదీ ద్వీపాలదే, ఆరడుగులు సునాయాసంగా లేస్తుంది, వెడల్పూ అంతే. బుజ్జి మొక్క కదా అని గుమ్మం పక్కన పెట్టారా, మూడేళ్ళకి గుమ్మం కనపడదు. ఈ ద్వీపపు రకాలు పక్కనున్న వేరే బక్‌వీట్‌లతో సంకరం అవుతాయి, అందుకే అడవి పక్కన వద్దన్నాను. సల్ఫర్ బక్‌వీట్ పసుపు పువ్వు చాలా అందంగా ఉంటుంది కానీ కొండల మీది మొక్క, మన బంకమట్టిలో అలుగుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి కాలిఫోర్నియా బక్‌వీట్ అంత నమ్మకమైనది ఇంకోటి లేదు.

మట్టి సంగతి. ఈ శాంటా క్లారా లోయలో చాలా ఇళ్ళ కింద ఉన్నది మన నల్లరేగడి లాంటి బంకమట్టే. ముందు ఒక అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి చూడండి. మర్నాటికి కూడా నీళ్ళు నిలిచి ఉంటే అక్కడ గుంటలో నాటొద్దు, అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఆ దిబ్బకి మీ పెరటి మట్టే చాలు. పేడ ఎరువు, కంపోస్టు, స్టోర్లో దొరికే బస్తాల మట్టి, ఏదీ వద్దు. ఇది చెప్పగానే మొహాలు మారుతున్నాయి! వంకాయకి వేసినట్టు దీనికీ బలం వేస్తే ఏపుగా పెరిగి, మధ్యలో విరిగి, తొందరగా పోతుంది. గాలన్ కుండీలో మొక్క తెచ్చుకోండి, పెద్దది కొంటే డబ్బు దండగ, చిన్నదే తొందరగా వేరు తన్నుకుంటుంది. మొక్క మొదలు చుట్టూ ఉన్న నేల కంటే ఒక అంగుళం పైకి ఉండాలి. చెక్క పొట్టు మల్చ్ మొదలుకి తగలనివ్వద్దు. చిన్న కంకర పరిస్తే మంచిది.

నాటడం ఎప్పుడంటే, ఇప్పుడే. అక్టోబరు చివర, మొదటి వాన పడ్డాక నాటితే చలికాలమంతా వాననీళ్ళతో వేరు లోపలికి దిగుతుంది. ఏప్రిల్లో నర్సరీలో పువ్వులు చూసి మోజుపడి కొనకండి. కొన్నా నవంబరు దాకా నాటకండి.

నీళ్ళు, నాటిన రోజు బాగా తడపండి. వాన మొహం చాటేస్తే చలికాలంలో కూడా పొయ్యండి. నిజానికి నీళ్ళు పొయ్యాల్సిన కాలం అదే. మొదటి వేసవి మాత్రం పది పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున, మెల్లగా, లోతుగా తడవాలి. రెండో వేసవికి నెలకోసారి. మూడో ఏడాది నుంచి దాదాపు మర్చిపోవచ్చు. ఆగస్టులో ఆకులు బూడిద రంగుకి తిరిగి కొన్ని రాలతాయి. టెన్షన్ పడకండి. అది దాని విశ్రాంతి. మొదటి వాన పడగానే మళ్ళీ పచ్చబడుతుంది.

ఎండిన గుత్తుల్ని ఆగస్టులోనే కత్తిరించెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. సీతాకోకచిలుకల సంసారం ఆ గుత్తుల్లోనూ, ఆ మొదట్లోనూ ఉంటుందని చెప్పాను కదా. గింజలు ఫించ్ పిట్టలు, పిచ్చుకలు తింటాయి. డిసెంబరులోనో జనవరిలోనో లేత కొసలు మాత్రం తుంచండి. ముదురు కొమ్మలోకి, ఆకు లేని చోటికి కోస్తే మళ్ళీ చిగురెయ్యకపోవచ్చు. ఆ పనిని మన తోట పని కుర్రాడికి హెడ్జ్ మెషిన్ ఇచ్చి వదిలెయ్యకండి, గుండ్రంగా గుండు గీసి వెళ్తాడు.

ఇల్లు హెచ్‌ఓఏలో, అంటే ఇళ్ళ యజమానుల సంఘంలో ఉంది, లాన్ తీస్తే నోటీసు వస్తుందేమో అని కొందరు ఇందాక టీ దగ్గర అడిగారు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 4735 ప్రకారం లాన్ తీసి తక్కువ నీళ్ళ మొక్కలు పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ నిషేధించడానికి వీల్లేదు. డిజైన్ గురించి నిబంధనలు పెట్టొచ్చు, కాబట్టి ముందుగా ఒక కాగితం మీద గీసి ఇవ్వండి, గొడవ ఉండదు. లాన్ తీసినందుకు నీళ్ళ సంస్థ ఇచ్చే రిబేట్ కావాలంటే లాన్ పీకకముందే దరఖాస్తు చేసుకోవాలి. పీకేశాక అడిగితే ఇవ్వరు.

వెనక టేబుల్ మీద కవర్లున్నాయి, కాలిఫోర్నియా బక్‌వీట్ విత్తనాలు. ఎండు పువ్వులే విత్తనాలనుకోండి. అరచేతిలో నలిపితే లోపల మూడు పలకల గింజ కనిపిస్తుంది. నలపకపోయినా పర్లేదు, పొట్టుతోనే చల్లెయ్యొచ్చు. నానబెట్టక్కర్లేదు, ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. వాన ముందు గీకిన మట్టి మీద చల్లి పైన పల్చగా ఇసక వెయ్యండి. ఇంటికి ఒక కవరు, దయచేసి రెండు తీసుకోకండి, తక్కువే తెచ్చాను.

ముందు వరసలో అక్కయ్యగారు ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నారు. జింకల సంగతా? పెద్ద మొక్కని జింకలు మామూలుగా ముట్టవండీ, మరీ ఆకలైతే తప్ప. కుందేళ్ళతోనే బాధ, లేత మొక్కని మొదలంటా కొరికేస్తాయి. మొదటి ఏడాది చుట్టూ సన్న కన్నుల కోళ్ళ జాలీ కట్టండి. మీ వైపు గోఫర్లు, అంటే నేల కింద బొరియలు తవ్వి వేళ్ళు కొరికే ఎలుకల్లాంటివి, కూడా ఉన్నాయంటే గుంటలో తీగ బుట్ట పెట్టి అందులో నాటండి. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర మాట్లాడుకుందాం, సాంబారు చల్లారిపోతోందట.