గ్రూపులో పీడీఎఫ్ పడేస్తే పాఠం చెప్పినట్టేనా?

(కెమెరా ముందు టీచర్. వెనక కూకట్‌పల్లి ట్రాఫిక్ హారన్లు.)

నమస్తే అండీ. మీ క్లాసు వాట్సాప్ గ్రూపుని ఎప్పుడైనా మొదటినుంచీ చూసుకున్నారా? నిన్న రాత్రి నేను చూశా. పీడీఎఫ్‌లు, గుడ్ మార్నింగ్‌లు, వంద "ఓకే సార్"లు, మధ్యలో ఎవరి అమ్మగారో పొరపాటున పంపిన కరెంటు బిల్లు. పిల్లలు ఏదైనా నేర్చుకున్న జాడ మాత్రం లేదు.

కోవిడ్‌కి బడులు మూసినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణలో ప్రభుత్వ పాఠాల ఛానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి, గుర్తుందా? టీవీ కదా, అర్థం కాకపోతే అడిగే దారి లేదు. వాట్సాప్‌లో ఆ దారి ఉంది, కానీ అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేసి దాన్నీ టీవీ చేసింది మనమే, నాతో సహా.

(స్క్రీన్ మీద పోల్: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?)

ఆరో తరగతికి ఇది పెట్టా. మూడు కంటే నాలుగు పెద్దది కదా అని చాలామంది నాలుగో వంతే నొక్కుతారు, ఆ తప్పు బయటపడాలనే ఈ ప్రశ్న. కానీ మొదటిసారి బోల్తా పడ్డాను. పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది కదా, ఫస్ట్ ర్యాంకు అమ్మాయి నొక్కగానే మిగతా క్లాసంతా దానిమీదే పడింది! ఇప్పుడు పోల్ మానేశా. జవాబు, ఎందుకో చెబుతూ అర నిమిషం వాయిస్, రెండూ నాకు విడిగా పంపమంటున్నా. రాయడానికి బిడియపడే పిల్లలు కూడా వాయిస్‌లో మాత్రం భలే మాట్లాడతారు.

వారం తర్వాత అదే ప్రశ్న, అంకెలు మార్చి మళ్ళీ అడుగుతా. ఊరికే కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి అయింది. వారం ఆగి పెడితే మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మరి మనం పీడీఎఫ్ పంపి "బాగా చదవండి" అంటే?

అన్నట్టు, సొంతంగా వాట్సాప్ ఖాతా తెరవాలంటే పదమూడేళ్ళు నిండాలి, కాబట్టి ఆరో తరగతి గ్రూపులో ఉండాల్సింది అమ్మానాన్నల నంబర్లే. దాంతో ఇంకో చిక్కు. మా క్లాసులో ఒక బాబు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది వాళ్ళ నాన్న డెలివరీలు ముగించుకుని వచ్చాకే, అంటే రాత్రి పది దాటాకే వాడి చేతికొస్తుంది. అందుకే రాత్రి సరైన జవాబు చెప్పను. పొద్దున పిల్లల్ని అడిగి, సరేనన్నవాళ్ళ వాయిస్‌లే క్లాసులో వినిపించి, వాళ్ళనే వాదించుకోనిస్తా.

(ఆడియో, నిద్రమత్తు గొంతు)

"సార్, ఒక ఉస్మానియా బిస్కెట్ ముగ్గురం తింటే ఎక్కువొస్తది, ఇంకోడొస్తే తగ్గుతది కద సార్!"