ఉల్లేఖనల లెక్కకు దొరికేదీ, జారిపోయేదీ

సభాధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసలు మాకు వదిలేసి వెనక సర్దుకున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

కొంతకాలం క్రితం ఒక ఎంపిక సంఘంలో కూర్చున్నప్పుడు మా ముందు ఒక పట్టిక పెట్టారు. అందులో గణితం, జీవరసాయనం, భౌతికశాస్త్రం అభ్యర్థులందరినీ హెచ్-ఇండెక్స్ ప్రకారం పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు ఒకే వరుసలో పేర్చారు. గణితంవారంతా అడుగున ఉన్నారు. అది చూసి ఎవరూ ఆశ్చర్యపోకపోవడమే నన్ను ఆశ్చర్యపరిచింది.

ఈ కొలతను 2005లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించారు. ఒక పత్రాన్ని మరో పత్రం ఆధారంగా పేర్కొనడమే ఉల్లేఖన; ఒకరి పత్రాల్లో ఎన్నింటికి కనీసం అన్నేసి ఉల్లేఖనలు వచ్చాయో ఆ అంకే హెచ్-ఇండెక్స్. ఒకరి పత్రాలకు వచ్చిన ఉల్లేఖనలు వరుసగా 48, 20, 9, 5, 3, 1 అనుకుందాం. నాలుగో పత్రానికి 5 ఉన్నాయి, అంటే నాలుగుకు తక్కువ కాదు. ఐదో పత్రానికి మూడే ఉన్నాయి కనుక లెక్క అక్కడితో ఆగుతుంది, ఆ రచయిత సూచిక, అంటే హెచ్-ఇండెక్స్, 4 అవుతుంది. మొదటి పత్రానికి 48 బదులు 4,800 వచ్చినా ఆ 4 కదలదు.

రంగాల మధ్య తేడాను హిర్ష్ దాచలేదు. ఆయన పత్రంలోనే భౌతికశాస్త్రంలో అగ్రస్థానంలో ఉన్న ఎడ్వర్డ్ విట్టెన్ సూచిక 110 కాగా, జీవశాస్త్రాల్లో సోలొమన్ స్నైడర్‌ది 191. ఒక రంగంలో పత్రం చివర ఎన్ని ఆధారాలు ఇవ్వడం ఆనవాయితీ, ఎంతమంది పనిచేస్తున్నారు, ఒక్కో పత్రానికి ఎందరు చేతులు కలుపుతారు అన్నవే ఈ అంతరానికి చాలావరకు కారణం. అందుకే ఒక పత్రానికి వచ్చిన ఉల్లేఖనలను అదే రంగంలో, అదే ఏడాది, అదే తరహా పత్రాలకు వచ్చిన సగటుతో భాగించే పద్ధతి వచ్చింది. సగటు 4 ఉన్నచోట 12 తెచ్చుకున్న పత్రానికి విలువ 3. సగటు 40 ఉన్నచోట 60 తెచ్చుకున్నదానికి ఒకటిన్నర. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది కానీ, జన్యుశాస్త్రానికి పనికొచ్చే పత్రం రాసిన సంఖ్యాశాస్త్రవేత్తను ఏ రంగపు సగటుతో భాగించాలన్న ప్రశ్న దగ్గర ఇదీ తడబడుతుంది.

సహకారాన్ని కొలవడం మరీ చిక్కు. హిగ్స్ బోసాన్ అనే మౌలిక కణపు ద్రవ్యరాశిపై అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగ బృందాలు కలిసి 2015లో ప్రచురించిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పుటల్లో 24 పుటలు పేర్లకూ సంస్థలకే సరిపోయాయి. ప్రతి ఒక్కరికీ పూర్తి పత్రం జమకడితే అన్యాయం, 5,154వ వంతు ఇస్తే హాస్యాస్పదం. పేర్ల వరుసకైనా ఒకే అర్థం లేదు: జీవశాస్త్రంలో చివరి పేరు సాధారణంగా ప్రయోగశాల అధిపతిది, గణితంలో అది కేవలం అక్షరక్రమం.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి. ఆర్. రావు, పాతికేళ్ల ప్రాయంలో, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక పత్రం రాశారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు గీసే క్రామెర్–రావు అసమానత అందులోదే. రాడార్ సంకేతాలతో పనిచేసే ఇంజినీర్లు ఆ హద్దును పేరుపెట్టి వాడుకుంటారు కానీ ఆధారాల్లో 1945 పత్రాన్ని చూపేవారు తక్కువ. ఆధారం ఇచ్చినా ఏదో పాఠ్యపుస్తకాన్ని చూపుతారు. ఒక ఆలోచన అందరిదీ అయిపోయి మూలం మరుగునపడడాన్ని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఏనాడో గుర్తించారు. ఆ పత్రానికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారం 2023లో వచ్చేనాటికి రావుగారికి 102 ఏళ్లు.

భీమవరంలో పుట్టిన జీవరసాయనవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితంలో ఈ లెక్క రెండు వైపులా కనబడుతుంది. ఫాస్ఫరస్‌ను రంగు గాఢతతో కొలిచే పద్ధతిపై హార్వర్డ్ జీవరసాయనవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఆయన రాసిన పత్రాన్ని జీవరసాయనవేత్తలు దశాబ్దాలపాటు ఉదహరిస్తూ వచ్చారు. ఏ సూచికకైనా అది దొరుకుతుంది. తరువాత ఆయన లెడర్లే అనే మందుల సంస్థలో చేరి పరిశోధన బృందాన్ని నడిపారు. అక్కడ తయారైన అమినాప్టెరిన్ అనే మందుతో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించి చూపిన పత్రం 1948లో వెలువడింది. దానికి ఐదుగురు రచయితలు. వారిలో సుబ్బారావు పేరు లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.