మిషిగన్ చలికాలంలో బేస్‌మెంట్ గోంగూర: గ్రో లైట్లు, వేడి లెక్కలు

హాయ్ అండి, అందరికీ నమస్తే. డిసెంబర్‌లో కూడా మీ ఇంట్లో గోంగూర పప్పు ఎలాగండీ అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ రోజు వ్లాగ్ మొత్తం మా బేస్‌మెంట్‌లోనే. మేం ఉండేది డెట్రాయిట్ పక్కన నోవైలో. ఇక్కడ ఈ నెలలో తెల్లారేసరికి ఎనిమిదవుతుంది, సాయంత్రం ఐదింటికల్లా చీకటి. మధ్యలోనైనా ఎండ కనబడితే మన అదృష్టం. కిటికీ పక్కన పెట్టిన కరివేపాకు చావదు గానీ, చిగురు మాత్రం వేయదు.

లైటు కొనే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మిషిగన్‌లో గ్రో లైట్ల, అంటే ఎండ బదులు మొక్కలకు పెట్టే లైట్ల వ్యాపారం చాలావరకు గంజాయి చుట్టూనే తిరుగుతుంది. 2018 నవంబర్‌లో ఓటర్లు సరేనన్నాక, ఆ డిసెంబర్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు ఇంట్లో 12 మొక్కల దాకా పెంచుకోవచ్చు. అందుకే షాపులో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా సలహాలన్నీ ఆ మొక్కకు సరిపోయేవే. గంజాయి పెంచేవాళ్లకు పువ్వు కావాలి, మనకు ఆకు కావాలి. ఈ ఒక్క తేడాతో లైటు, టైమరు, వేడి అన్నీ మారిపోతాయి.

అన్నట్టు, ఇక్కడ లీగలే కదా, మనమూ ఒకటి పెంచుదాం అనుకునే కుర్రాళ్లకు ఒక మాట. వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు దాని జోలికి పోకండి. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. అలాంటి పనులు సిటిజన్‌షిప్ దరఖాస్తుకు అడ్డం కావచ్చని 2019 ఏప్రిల్‌లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది. మా పక్కింటాయన అమెరికన్, ఆయనకు ఆ బాధ లేదు, పెంచుకుంటాడు. వేసవిలో మా డెక్ మీద గోంగూర చూసి "ఓహో, మీరూనా!" అన్నట్టు నవ్వాడు. చీలికల ఆకు కదా, దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుంది. రెండాకులు కోసిచ్చి నమలమన్నాను. పులుపుకి కళ్లు మూసుకున్నాడు పాపం. లైట్ల గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన దగ్గర విన్నదే.

సరే, లైటు. పెట్టె మీద '1000 వాట్' అని పెద్దక్షరాలతో ఉంటే నమ్మకండి. పాతకాలం సోడియం బల్బుకు సమానం అని వాళ్లు వేసుకున్న లెక్క అది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూస్తే అసలు లాగే కరెంటు 100 వాట్లే అని ఉంటుంది. ఆ అంకె చూసి కొనండి. ప్లగ్గులో పెట్టే వాట్ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది. ల్యూమెన్లు కూడా మనకు పనికిరావు, అవి మనిషి కంటికి పెట్టిన కొలత. మొక్కకు కావలసింది పీపీఎఫ్‌డీ, అంటే ఆకు మీద సెకనుకు ఎంత పనికొచ్చే వెలుగు పడుతోంది అనే లెక్క. పువ్వు కోసం వాళ్లు 600 నుంచి 900 దాకా పెడతారు. మన ఆకుకూరకు 300 చాలు. దీనికి ఖరీదైన మీటర్ అక్కర్లేదు. ఫోన్‌లో లక్స్ యాప్ వేసుకుని, తెల్ల ఎల్‌ఈడీ కింద వచ్చిన అంకెను 70తో భాగించండి, ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఇదిగో, గోంగూర తలల దగ్గర ఫోన్ పెడుతున్నా... 21,000 లక్స్. అంటే 300. పక్కకు జరిపితే చూడండి, టెంట్ (మొక్కలు, లైటు పెట్టుకునే గుడారం) మూలల్లో సగానికి పడిపోయింది. అందుకే గోంగూర బకెట్లు నడిమధ్యన, కరివేపాకు కుండీ కాస్త వారగా.

మా టెంట్ రెండడుగులు బై నాలుగడుగులు. దీంట్లో వాళ్లయితే 240 వాట్లకు తక్కువ పెట్టరు. నేను పెట్టింది 100 వాట్ల లైటు, పొడవాటి బార్లు ఉన్నది. బార్లయితే వెలుగు ఒక్కచోటే గుచ్చకుండా పరుచుకుంటుంది. రంగు మాత్రం తెలుపే తీసుకోండి. మా ఫ్రెండ్ వాళ్లింట్లో ఎరుపు, నీలం కలిసిన ఊదా లైటు ఉంది. ఇండియా నుంచి వచ్చిన వాళ్లమ్మగారు చూసి "ఇంట్లో ఈ రికార్డింగ్ డాన్సు లైట్లేంటే?" అన్నారట. ఊదా వెలుగులో మొక్క పెరగదని కాదు. ఆకు పసుపెక్కినా, పురుగు పట్టినా కంటికి కనబడదు, అదీ ఇబ్బంది.

ఇప్పుడు వేడి. ఎల్‌ఈడీకి వేడి ఉండదంటారు, అది సగం నిజం. వాట్ ఏదైనా వాటే. గదిలోకి లాగిన కరెంటంతా చివరికి వేడిగానే మిగులుతుంది, 100 వాట్లకు గంటకు 341 బీటీయూలు (అది వేడి కొలత), బల్బు ఏదైనా సరే. అదే వెలుగు తక్కువ కరెంటుతో ఇస్తుంది కాబట్టే ఎల్‌ఈడీ గది చల్లగా ఉంటుంది. ఇంకో తేడా, వేడి పోయే దారి. సోడియం బల్బు వేడిని నేరుగా ఆకుల మీదికే కొడుతుంది. ఎల్‌ఈడీ వేడి వీపు మీది అల్యూమినియం రేకులోంచి పైకి పోతుంది. అందువల్ల దీని కింద ఆకు చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉంటుంది. సోడియం రోజుల్లో గాలి 75 డిగ్రీల ఫారన్‌హీట్ చాలనేవాళ్లు, ఎల్‌ఈడీకి 80 దగ్గర ఉంటేనే చిగురు హుషారుగా ఉంటుంది.

వేసవి అయితే ఈ వేడిని బయటికి తోలడానికి డక్ట్ ఫ్యాన్లు, లైటుకు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్ డబ్బాను టెంట్ బయట బిగించడం, ఇలా చాలా తిప్పలున్నాయి. మనకు చలికాలంలో ఆ వేడే కావాలి. ఈ బేస్‌మెంట్ రాత్రిపూట 62కి దిగుతుంది. అందుకే టైమర్ రాత్రి 8 నుంచి పగలు 11 వరకు పెట్టా. చలి ఎక్కువున్న గంటల్లో లైటే హీటర్ పని చేస్తుంది. పైగా మా కరెంటు ప్లాన్‌లో మధ్యాహ్నం 3 నుంచి 7 దాకా రేటు ఎక్కువ, ఆ టైములో ఆరిపోయే ఉంటుంది. ఈ 15 గంటలకు ఇంకో కారణం కూడా ఉంది. గంజాయి పెంచేవాళ్లు పువ్వు కోసం టైమర్‌ను 12 గంటలకు తగ్గిస్తారు. గోంగూరదీ అదే గుణం, పగలు కురచైతే మొగ్గ వేసేస్తుంది. మొగ్గ వేసిందంటే ఆకు చిన్నదైపోతుంది, కాడ గట్టిపడుతుంది. షాపువాళ్ల మాట విని 12 గంటలు పెడితే మన పచ్చడి గోవిందా.

థర్మామీటర్‌ను లైటుకు ఎదురుగా పెట్టకండి, వెలుగు తగిలి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆకుల ఎత్తులో, చిన్న అట్టముక్క నీడలో వేలాడదీయండి. ఇప్పుడు మాది 79. కుండీ కింద చూశారా, థర్మోకోల్ షీట్. కాంక్రీట్ నేల ఐసుముక్కలా ఉంటుంది, కరివేపాకు వేరు చల్లబడితే పైన ఎంత వెలుగిచ్చినా కదలదు. టెంట్ పైన చిన్న ఫ్యాన్ మెల్లగా తిరుగుతూ వేడిగాలిని బేస్‌మెంట్‌లోకే వదులుతుంది. పక్కింటాయనకు వాసన పోవడానికి బొగ్గు ఫిల్టర్ కావాలి. కరివేపాకు వాసనకు ఫిల్టర్ ఎవరు పెడతారండీ!

ఇక ఎర్రనల్లి. ఫర్నేస్ ఆన్‌లో ఉంటే ఇంట్లో గాలి ఎండిపోతుంది, దానికి ఈ టెంట్ వేడి తోడైతే నల్లికి పండగే. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ ఆకు పైన సన్నగా పిండి చల్లినట్టు చుక్కలు కనబడుతున్నాయా? ఇప్పుడు తిప్పుతా. ఈనె పక్కన కదులుతున్నవే అవి. తెల్లకాగితం మీద ఆకు దులిపితే ఇంకా బాగా తెలుస్తుంది. ఇలా కనబడ్డ రోజే కుండీని షవర్ కిందికి తీసుకెళ్లి ఆకు అడుగుభాగం గట్టిగా కడిగేయాలి, నాలుగు రోజులకోసారి, మూడుసార్లయినా. పై ఆకులు మాత్రమే తెల్లబోతే అది పురుగు కాదు, లైటు దగ్గరైంది. ఆరంగుళాలు పైకి లేపండి. కొత్త ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం, దానికి లైటుతో పని లేదు.

వైరింగ్ దగ్గర పిసినారితనం వద్దు. యూఎల్ లేదా ఈటీఎల్ భద్రతా ముద్ర లేని లైటు కొనొద్దు, ఎక్స్‌టెన్షన్‌కు ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు నీటిచుక్క జారినా ప్లగ్గులోకి పోదు.

బిల్లు సంగతి అడుగుతారని తెలుసు. 100 వాట్లు, 15 గంటలు, రోజుకు యూనిట్‌న్నర. నెలకు 45 యూనిట్లు. యూనిట్ 20 సెంట్లు వేసుకుంటే 9 డాలర్లు.

మే నెలాఖరున, మెమోరియల్ డే అయ్యాక, మంచు భయం పోయాకే వీటిని డెక్ మీదికి తీస్తాం. నేరుగా ఎండలో పెట్టకండి. బయట మిట్టమధ్యాహ్నం వెలుగు 2,000 దాకా ఉంటుంది, ఇవి 300కి అలవాటుపడ్డ ఆకులు, ఒక్కరోజులో మాడిపోతాయి. మొదటి వారం డెక్ కింద నీడలో, తర్వాత పొద్దుటెండలో రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోండి. రాత్రి 50 కంటే దిగుతుందని ఫోన్‌లో చూపిస్తే కరివేపాకు కుండీని మాత్రం లోపలికి తెచ్చేయండి.