మనిషి ఒకప్పుడు నీళ్ళలో బతికాడా? ఎలైన్ మోర్గన్ పుస్తకంపై నా రివ్యూ

నమస్తే అండి. ఈసారి బట్టలు ఉతికి లేచాక మీ వేళ్ళ కొసలు చూసుకోండి, ముడతలు పడి ఉంటాయి. నీళ్ళు పీల్చుకుని చర్మం ఉబ్బుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. కానీ వేలికి వెళ్ళే నరం తెగిపోతే ఎంతసేపు నానబెట్టినా ఆ ముడత రాదు. అంటే శరీరమే పనిగట్టుకుని ఆ ముడతలు వేస్తోందన్నమాట. ఇలాంటివి తెలిసినప్పుడు మనకీ నీళ్ళకీ ఏదో పాత చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది. ఆ అనుమానాన్ని చివరంటా తీసుకెళ్ళిన పుస్తకం 1972లో వచ్చిన 'ది డిసెంట్ ఆఫ్ వుమన్'.

రాసిన ఎలైన్ మోర్గన్ శాస్త్రవేత్త కాదు, వేల్స్‌లో టీవీ నాటకాలు రాసే ఆవిడ. అసలు ఊహ కూడా ఆవిడది కాదు, సముద్ర జీవుల మీద పనిచేసిన ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ అలిస్టర్ హార్డీది. ఆయన దాన్ని సుమారు 30 ఏళ్ళు మనసులోనే దాచుకుని, 1960లో బ్రైటన్‌లో డైవింగ్ క్లబ్ వాళ్ళ ముందు బయటపెట్టారు. మన పూర్వీకులు కొంతకాలం సముద్రపు ఒడ్డున, లోతు తక్కువ నీళ్ళలో తిండి వెతుక్కుంటూ బతికారట. ఒంటిమీద బొచ్చు పోవడం, చర్మం కింద కొవ్వు చేరడం, రెండు కాళ్ళమీద నిలబడడం అన్నీ అక్కడే మొదలయ్యాయట.

మోర్గన్ దీనికి తన కోపాన్ని జోడించింది. మగవాడు మైదానంలో వేటాడుతూ వేడెక్కిపోయాడు, అందుకే బొచ్చు పోయింది అని అప్పటి పుస్తకాలు చెబుతున్నాయి. మరి వేటకి వెళ్ళలేదని మీరే అంటున్న ఆడమనిషికి ఒంటిమీద వెంట్రుకలు ఇంకా తక్కువెందుకు అని ఆవిడ అడుగుతుంది. అక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతమంది పెద్దలు రాసిన కథలో సగం మంది మనుషులే లేరు!

అయితే ప్రశ్న గట్టిదే కానీ, ఆవిడ ఇచ్చిన జవాబు నిలబడదు. మన గేదెనే తీసుకోండి. ఒంటిమీద వెంట్రుకలు పల్చన, మడుగు కనిపిస్తే చాలు దిగిపోతుంది. చూడగానే మోర్గన్ పక్షాన సాక్షిలా ఉంటుంది. కానీ గేదె నీళ్ళలో దిగేది దానికి చెమట సరిపడా పట్టదు కాబట్టి. మనకి ఒళ్ళంతా కలిపి 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. చెమట గాలికి ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. నీళ్ళలో మునిగి ఉండే జీవికి దానితో పనేముంది? మరోవైపు, రోజంతా నీళ్ళలో ఈదే నీటికుక్కకి ఒత్తయిన బొచ్చు ఉంది.

కాలాలు కూడా కలవవు. టాంజానియాలోని లేటోలిలో అగ్నిపర్వతపు బూడిదలో పడిన రెండు కాళ్ళ అడుగులు సుమారు 36 లక్షల ఏళ్ళ నాటివి. పెద్ద మెదడు వచ్చింది ఆ తర్వాత ఎంతో కాలానికి. అన్నిటికీ ఒకే నీటి కాలాన్ని కారణంగా చూపించడం కుదరదు.

అలాగని నీళ్ళకి ఏ పాత్రా లేదనను. దక్షిణాఫ్రికా తీరంలో పినాకిల్ పాయింట్ గుహల్లో సుమారు 1,64,000 ఏళ్ళ కిందటే మనుషులు గుల్లలు ఏరుకుని తిన్న ఆనవాళ్ళు దొరికాయి. ఇండోనేషియాలో సముద్రం మీదే బతికే బజావ్ జనం మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. పొరుగున నేలమీద ఉండే సలువాన్ వాళ్ళకంటే వీళ్ళ ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే స్ప్లీన్) సుమారు 50 శాతం పెద్దది. నీళ్ళలో మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది, దాంతో ఆక్సిజన్ ఇంకాసేపు సరిపోతుంది. అసలు డైవింగే చేయని బజావ్ వాళ్ళకి కూడా అది పెద్దగానే ఉంది. అంటే అది సాధనతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. నీళ్ళు మనిషి ఒంటిని మార్చగలవనడానికి నాకు తెలిసిన గట్టి రుజువు ఇదే. కాకపోతే ఆ మార్పు జరిగింది మనిషి పూర్తిగా మనిషి అయ్యాక.

పుస్తకం కొనాలా అంటే, కొనండి. మొదటి అధ్యాయం తప్పకుండా చదవండి. నీటి వాదన వచ్చే పేజీల దగ్గర మాత్రం పక్కన పెన్సిల్ పెట్టుకోండి, ప్రతి పోలిక దగ్గరా ఆగి 'మరి గేదె సంగతేంటి?' అని రాసుకుంటూ వెళ్ళండి.