మట్టే కదా అనుకుంటే ఎలా?

యాంకర్: లైన్లో ఉన్నారమ్మా, మాట్లాడండి. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా ఇల్లు మెయిన్ రోడ్డు పక్కనేనండి. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి ఇంట్లో మళ్లీ నల్లటి రోడ్డు దుమ్ము పొర. బాబుకి పది నెలలు, దాని మీదే పాకుతాడు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. మా అత్తయ్యగారేమో మట్టే కదా, మేమంతా మట్టిలో ఆడి పెరిగినవాళ్లమే అంటారు. నాకేమో టెన్షన్.

డాక్టర్: ఆవిడ ఆడుకున్న మట్టి వేరమ్మా. ఇందులో అరిగిపోయిన టైర్ల రబ్బరు ఉంటుంది, దానితో పాటు జింక్. బ్రేకు ప్యాడ్ల నుంచి రాలిన రాగి, యాంటిమొని అనే లోహం లాంటి పదార్థం ఉంటాయి. డీజిల్ మసి, ఆ మసికి అంటుకుని వచ్చే బెంజోపైరీన్, అదైతే క్యాన్సర్ తెస్తుందని తేలిపోయిన పదార్థమే. వీటన్నిటికన్నా మీ బాబు వయసుకి నేను భయపడేది సీసానికి, అదే లెడ్‌కి.

కాలర్: పెట్రోల్లోంచి సీసం ఎప్పుడో తీసేశారు కదండీ?

డాక్టర్: తీసేశారు, చివరికి మిగిలిన అల్జీరియా కూడా 2021లో ఆపేసింది. కానీ సీసం కుళ్లిపోయేది కాదు, ఆవిరైపోయేదీ కాదు. ఎప్పుడో పొగగొట్టాల్లోంచి వచ్చింది రోడ్డు పక్క మట్టిలోనే పడి ఉంటుంది, బండి పోయినప్పుడల్లా లేస్తుంది. పాత పెయింట్ పెచ్చులు ఊడినా అదే గొడవ. పైగా మింగిన సీసం పెద్దవాళ్లకన్నా పసివాళ్ల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది, ఒంట్లో ఐరన్ తక్కువుంటే ఇంకా ఎక్కువ. దెబ్బ ఎదిగే మెదడు మీద. ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

కాలర్: అయితే రోజుకి మూడుసార్లు ఊడుస్తానండి.

డాక్టర్: అయ్యో, వద్దమ్మా! పొడి చీపురుతో ఊడిస్తే సన్నటిదంతా గాల్లోకి లేచి, గంట తర్వాత మళ్లీ అక్కడే దిగుతుంది. తడిగుడ్డతో తుడవండి, కిటికీ అంచులతో సహా. చెప్పులు గుమ్మం బయటే. తినిపించే ముందు బాబు చేతులు సబ్బుతో కడగండి, బొమ్మలు కూడా. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని ఏమీ చెయ్యలేదు. మీ పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం ఎంతుందో ఒకసారి చూపించుకోండి, అది మామూలు రక్తపరీక్షే.

యాంకర్: ఇంకో కాలర్. చెప్పండి సార్.

కాలర్: మేడమ్, రోజంతా బండి మీదే తిరిగే ఉద్యోగం నాది. మొహానికి కర్చీఫ్ కట్టుకుంటాను, చాలదా?

డాక్టర్: కంటికి కనిపించే దుమ్ముకి చాలు. కానీ ఊపిరితిత్తుల లోతుకి దిగేవి రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు, ఇక మీరే చూసుకోండి! కర్చీఫ్ వాటిని పెద్దగా ఆపదు. ఎన్95 మాస్క్ ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి.

కాలర్: ఎలక్ట్రిక్ బండి కొంటే ఈ గోల తగ్గుతుందా?

డాక్టర్: పొగ ఉండదు, మంచిదే. టైర్లు మాత్రం దానికీ అరుగుతాయిగా. అవునూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

కాలర్: పాప ఉందండి. బండి చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొచ్చి ఎక్కేస్తుంది.

డాక్టర్: ఆ చొక్కాతో ఎత్తుకోకండి. ముందు మొహం, చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి.

కాలర్: అంతసేపు ఆగదు మేడమ్ అది.

డాక్టర్: అయితే బండి ఆపేచోటే ఓ ఉతికిన చొక్కా పెట్టుకోండి, తను వచ్చేలోపు మార్చేసుకోవచ్చు.