పక్కింటి తలుపు కొట్టారా?

అందరికీ నమస్కారం.

అంటువ్యాధుల గురించి మాట్లాడమన్నారు. క్రిముల బొమ్మలు, గ్రాఫులు వేసుకొస్తానని మీరు అనుకుని ఉంటారు. అవేవీ తేలేదు. ఒక్క కాగితం మాత్రం తెచ్చాను. దీన్ని మేం లైన్ లిస్టు అంటాం. పేరు, వయసు, ఉండే చోటు, జబ్బు మొదలైన తేదీ, చెప్పగలిగితే గంట కూడా, ఏమేం లక్షణాలు, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు, ఎవరిని కలిశారు. ఒక్కో రోగికి ఒక్కో వరస. ఎక్కడ ఏ జబ్బు రేగినా మా పని ఈ కాగితంతోనే మొదలవుతుంది. ల్యాబ్ రిపోర్టు ఆ తర్వాత వస్తుంది, కొన్నిసార్లు నెలల తర్వాత వస్తుంది.

జబ్బు ఎక్కణ్నుంచి రేగిందో వెతికే ఈ పనిలో నేను చేరిన కొత్తల్లో, వాంతులు విరేచనాలు ప్రబలిన ఒక చోట రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి నలభై పైచిలుకు వరసలు నింపుకొచ్చి మా పైఅధికారి ముందు పెట్టాను. గర్వంగానే పెట్టాను. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, "బాగానే రాశావమ్మా. పక్కింటి తలుపు కొట్టావా?" అన్నారు. పక్కింట్లో ఎవరికీ జబ్బు లేదండీ అన్నాను. "అందుకే అడుగుతున్నా" అన్నారు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎండలో తిరిగింది నేను కదా! కానీ ఇవాళ మీకు చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక పాత విందు కథ చెబుతాను. 1940 ఏప్రిల్ 18న న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వీగో కౌంటీలో ఒక చర్చిలో రాత్రి భోజనాలు పెట్టారు. తిన్నవాళ్లు కొద్ది గంటల్లోనే వాంతులతో మంచం పట్టారు. విచారణకు వెళ్లినవాళ్లు 75 మందిని అడిగారు. అందులో 46 మంది జబ్బుపడ్డారు. ఆ 46 మందిలో 29 మంది పంది మాంసం తిన్నారు. ఇక్కడితో ఆగితే మనమంతా ఏమంటాం? మాంసమే పాడైపోయింది అంటాం. అందరి అనుమానమూ ముందు దాని మీదికే పోతుంది.

కానీ వాళ్లు బాగున్నవాళ్లని కూడా అడిగారు. మాంసం తిన్నవాళ్లు మొత్తం 46 మంది, వాళ్లలో జబ్బుపడింది 29. ముట్టనివాళ్లు 29 మంది, వాళ్లలో జబ్బుపడింది 17. అంటే తిన్నవాళ్లలో నూటికి 63, తిననివాళ్లలో నూటికి 59. తిన్నా తినకపోయినా ఇంచుమించు ఒకటే. మాంసం నిర్దోషి. ఇప్పుడు వెనిలా ఐస్‌క్రీమ్ చూడండి. తిన్నవాళ్లు 54, జబ్బుపడింది 43. తిననివాళ్లు 21, జబ్బుపడింది ముగ్గురు. నూటికి 80 ఒక పక్క, నూటికి 14 ఒక పక్క. దొంగ దొరికాడు. ఆ ఐస్‌క్రీమ్ తినకుండా ఇంట్లో హాయిగా ఉన్న పద్దెనిమిది మందే దాన్ని పట్టించారు.

మరి తినకుండా జబ్బుపడ్డ ఆ ముగ్గురి సంగతేంటి అని ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ అడుగుతారు. ఇలాంటి లెక్కల్లో అలాంటివాళ్లు ఎప్పుడూ మిగులుతారు. తిన్న సంగతి మర్చిపోయినవాళ్లు ఉంటారు. ఒకే గరిట రెండు పాత్రల్లో తిరిగి ఉంటుంది. అదే రోజు వేరే జబ్బు చేసినవాళ్లూ ఉంటారు. జబ్బులకి మన పట్టికతో పనేముంది?

ఆ కథలో ఇంకో ఆధారం కూడా ఉంది. కొద్ది గంటలు అన్నాను కదా. అంత తొందరగా వాంతులు మొదలైతే, క్రిమి లోపలికెళ్లి పెరిగేంత సమయం లేదు. తిండిలోనే ముందుగా విషం తయారై ఉండాలి. కలరా అయితే కొన్ని గంటల నుంచి ఐదు రోజులు. టైఫాయిడ్‌కి వారం నుంచి మూడు వారాలు. హెపటైటిస్ ఎ అయితే సుమారు నెల. క్రిమి ఒంట్లో చేరిన దగ్గర్నుంచి జబ్బు పైకి కనబడేదాకా పట్టే ఈ వ్యవధి ఒక్కో జబ్బుకి ఒక్కో తీరు. అందుకే మేం తేదీ దగ్గర అంత పీకులాడేది. కామెర్లు వచ్చినవాణ్ని "నిన్న ఏం తిన్నావు" అని అడిగి లాభం లేదు, కిందటి నెల సంగతి అడగాలి. కిందటి నెల ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

జాన్ స్నో అనే లండన్ డాక్టరు పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా, చావుల్ని మ్యాపు మీద గుర్తులుగా పెడితే అవి ఒక చేతిపంపు చుట్టూ పోగుపడటం, ఆ పంపు పిడి పీకించడం. పిడి పీకేనాటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నోయే రాసుకున్నాడు, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ మ్యాపు కంటే దాని మీద గుర్తులు లేని చోట్లంటే ఇష్టం. ఆ పంపుకి దగ్గర్లోనే పేదల కోసం నడిపే పెద్ద వర్క్‌హౌస్ ఒకటి ఉంది. అందులో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. ఆ ఆవరణలో వాళ్ల సొంత బావి ఉంది. అదే వీధిలో బీరు తయారుచేసే చోట డెబ్భై మందికి పైగా పనివాళ్లు ఉన్నారు, కలరాతో ఒక్కరూ పోలేదు. వాళ్లకి రోజూ బీరు ఇచ్చేవాళ్లు, పంపు జోలికి వెళ్లే అవసరమే రాలేదు.

దీనికి తిరగేసిన కథ ఒక ముసలావిడది. ఊరికి ఆ చివర హ్యాంప్‌స్టెడ్‌లో ఉంటుంది, బ్రాడ్ స్ట్రీట్ వైపు వచ్చి నెలలైంది. అయినా కలరాతో చనిపోయింది. స్నో ఆమె కొడుకుని అడిగితే తెలిసింది: ఆమెకి ఆ పంపు నీళ్ల రుచంటే ప్రాణమట, రోజూ బండి మీద ఒక సీసా తెప్పించుకునేది. అవే నీళ్లు తాగిన మేనకోడలు ఇంటికెళ్లాక పోయింది. చుట్టుపక్కల ఇంకెక్కడా కలరా లేదు.

వియన్నాలో పనిచేసిన డాక్టరు సెమ్మెల్‌వైస్‌కి దారి చూపింది కూడా ఇలాంటివాళ్లే. ఒకే ఆసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే మొదటి వార్డులో బాలింత జ్వరంతో చనిపోయేవాళ్లు చాలా ఎక్కువ. మంత్రసానులు చూసే రెండో వార్డులో తక్కువ. దారిలోనే, వీధిలోనే కాన్పైపోయి ఆసుపత్రికి వచ్చినవాళ్లకి ఆ జ్వరం దాదాపు రాలేదు. వీధిలో కన్నవాళ్లు బతికి, ఆసుపత్రిలో కన్నవాళ్లు చస్తుంటే తప్పు గాలిదీ కాదు, వాతావరణానిదీ కాదు. శవాలు కోసిన చేతులతోనే మొదటి వార్డు డాక్టర్లు, విద్యార్థులు కాన్పులు చేస్తున్నారు. 1847 మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించడం మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన చావులు జూన్‌కి 2 దగ్గరికి దిగాయి. తోటి డాక్టర్లు మాత్రం ఒప్పుకోలేదు. మీ చేతులే చంపాయి అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకో బ్రాడ్ స్ట్రీట్ కథ ఉంది. పేరు కలవడం కాకతాళీయమే, ఇది ఫిలడెల్ఫియాలో. 1976 జూలైలో మాజీ సైనికుల మహాసభ ఒక పెద్ద హోటల్లో జరిగింది. ఇళ్లకి వెళ్లాక ఒక్కొక్కరూ తీవ్రమైన న్యుమోనియాతో పడిపోయారు. మొత్తం 221 మందికి జబ్బు చేసి 34 మంది చనిపోయారు. ఎవరికి తోచింది వాళ్లన్నారు. కొత్త రకం ఫ్లూ అన్నారు, విషప్రయోగం అన్నారు, నికెల్ అనే లోహం అన్నారు. దేశమంతా ఒకటే టెన్షన్.

ఇప్పుడు జబ్బుపడని వాళ్లని చూడండి. ఇంటికెళ్లి మంచం పట్టినవాళ్ల భార్యాపిల్లలకి ఏమీ కాలేదు. అంటే మనిషి నుంచి మనిషికి అంటేది కాదు, ఫ్లూ అయి ఉంటే ఇల్లంతా పడుకునేది. హోటల్ సిబ్బందికి దాదాపు ఏమీ కాలేదు. హోటల్లో కాలుపెట్టని, బయట కాలిబాట మీద నడిచినవాళ్లు కొందరికి మాత్రం వచ్చింది! తిండి కాదు, బల్లలూ గ్లాసులూ కాదు. గాలి. లోపలికీ బయటికీ వచ్చే గాలి. సిబ్బంది ఆ గాలినే రోజూ పీలుస్తూ ఉండటంతో వాళ్లకి ముందే కొంత రక్షణ వచ్చి ఉంటుందని తర్వాత అనుకున్నారు.

ఆ క్రిమి దొరికింది మాత్రం ఆరు నెలలకి. జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త క్రిస్మస్ సెలవుల్లో పాత స్లైడ్లు మళ్లీ ముందేసుకుని కూర్చుంటే, ఇంతకుముందు చూసీ పట్టించుకోని కడ్డీల్లాంటి బ్యాక్టీరియా మళ్లీ కళ్లబడ్డాయి. మొదటిసారి చేసిన పరీక్షల్లో, అక్కర్లేని క్రిములు పెరగకుండా యాంటీబయాటిక్ కలిపారు. అసలు దోషి దానికే చచ్చిపోయింది. ఆ బ్యాక్టీరియాకి లీజియొనెల్లా అని పేరు పెట్టారు. నీళ్లలో ఉంటుంది, ఏసీల కూలింగ్ టవర్ల నుంచి వచ్చే తుంపర్లలో గాలికెక్కుతుంది.

పక్కింటి తలుపు కొట్టకపోతే ఏమవుతుందో మలేసియా చెబుతుంది. 1998 చివర్లో అక్కడ పందుల పెంపకం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో జ్వరం, స్పృహ తప్పడం, మరణాలు మొదలయ్యాయి. జపనీస్ మెదడువాపు అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు, అది కూడా పందుల్లో పెరిగి దోమల ద్వారా మనుషులకి వస్తుంది. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు.

మెదడువాపు మామూలుగా పిల్లల్ని పట్టుకుంటుంది. ఇక్కడ పిల్లలు బాగానే ఉన్నారు, పందులతో పనిచేసే మగవాళ్లు పడిపోతున్నారు. టీకా వేయించుకున్నవాళ్లకీ వచ్చింది. పందులు పెంచని ఇళ్లలో లేదు. దోమ కుట్టేముందు మీ ఇంట్లో పందులున్నాయా అని అడగదు కదా! కొన్ని నెలలు గడిచేసరికి, జబ్బు పందుల్ని అమ్మేయడంతో రోగం వేరే రాష్ట్రానికి, అక్కణ్నుంచి సింగపూర్ కబేళాల్లోని పనివాళ్లకి చేరింది. 1999 మార్చిలో చువా కా బింగ్ అనే వైద్యుడు కొత్త వైరస్‌ని పట్టుకున్నాడు. అదే నిపా. దొడ్ల పక్కనే పండ్ల తోటలు, చెట్ల మీద ఆ వైరస్ మోసే గబ్బిలాలు, అవి సగం కొరికి పడేసిన పండ్లు పందుల నోట్లోకి. పది లక్షల పైచిలుకు పందుల్ని చంపాకగాని అది ఆగలేదు.

ఇంతసేపూ జబ్బుపడని వాళ్లు సాక్షులు. ఒక్కోసారి ముద్దాయి కూడా వాళ్లే.

మేరీ మ్యాలన్ వంటమనిషి. 1906లో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బేలో సెలవులకి వచ్చిన ఒక కుటుంబంలో టైఫాయిడ్ వస్తే, జార్జ్ సోపర్ అనే ఇంజినీరు నీళ్లూ పాలూ అన్నీ వెతికి, చివరికి వంటమనిషి మారిందన్న సంగతి పట్టుకున్నాడు. ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్లు వెతికితే చాలాచోట్ల టైఫాయిడే. వేడివేడిగా ఉడికిన వంటలో క్రిమి చచ్చిపోవాలి కదా అంటే, ఆమె చేసే పీచ్ పండ్ల ఐస్‌క్రీమ్‌ని సోపర్ అనుమానించాడు. మళ్లీ ఐస్‌క్రీమే, ఏం చేస్తాం! క్రిమిని ఒంట్లో మోస్తున్నా మేరీ మాత్రం నిక్షేపంగా ఉంది. నాకే జబ్బూ లేదు అంది, చివరిదాకా అదే అంది. వదిలేస్తే పేరు మార్చుకుని మళ్లీ వంటకి చేరింది. రెండు విడతల్లో పాతికేళ్లకి పైగా ఒక దీవిలో ఒంటరిగా ఉంచారు. ఆమె తప్పెంత, ఆమెకి జరిగిన అన్యాయమెంత అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేను. తాను బాగున్నానని తన ఒళ్లే చెబుతుంటే, ఎవరో వచ్చి కాదంటే నమ్మడం కష్టం.

మశూచిని ఎలా తరిమేశాం, పోలియో ఎందుకింత ఏడిపిస్తోంది అని అడుగుతుంటారు. తేడా ఇక్కడే ఉంది. మశూచి సోకితే మొహమే చెప్పేస్తుంది. పొక్కులున్న బిడ్డ బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇలాంటివాళ్లని ఎక్కడైనా చూశారా" అని అడిగితే చాలు, చదువురాని పిల్లాడైనా చెప్పేవాడు. కనబడ్డ చోటల్లా చుట్టుపక్కలవాళ్లకి టీకాలు వేసుకుంటూ పోయారు. సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబర్‌లో సోమాలియాలో. 1980లో పోయిందని ప్రకటించారు.

పోలియో అలా కాదు. సోకిన రెండు వందల మందిలో ఇంచుమించు ఒక్కరికే కాళ్లు చచ్చుబడతాయి. మిగతావాళ్లు ఆడుకుంటూ, స్కూలుకెళుతూ, క్రిమిని విసర్జిస్తూ ఉంటారు. అందరి తలుపులూ కొట్టలేం. అందుకే మురుగునీటిని పరీక్షిస్తాం, అందరి ఇళ్లూ కలిసేది అక్కడే కదా. 2022లో లండన్ మురుగులో పోలియో వైరస్ నెలల తరబడి కనబడింది, ఒక్కరికీ కాళ్లు చచ్చుబడలేదు. రోగి లేకుండానే జబ్బు సంగతి తెలిసింది, పిల్లలకి అదనపు డోసులు మొదలయ్యాయి.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. పోలియో నిఘాలో పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఎవరికి హఠాత్తుగా కాళ్లుచేతులు చచ్చుబడ్డా మలం నమూనాలు తీసి పంపాలి. చాలావరకూ పోలియో కాదు, వేరే కారణాలే. లక్ష మంది పిల్లలకి ఏటా కనీసం ఒక్కరైనా ఇలా "పోలియో కానివాళ్లు" ఉంటారు. ఒక జిల్లా నుంచి అలాంటి కేసు ఏడాదంతా ఒక్కటీ రాకపోతే మేం సంతోషించం. అక్కడ ఎవరూ చూడటం లేదని అర్థం. ప్రతి వారం ప్రతి ఆసుపత్రీ కాగితం పంపాలి. ఒక్క కేసూ లేకపోతే సున్నా వేసి పంపాలి. సున్నా వస్తే ఫైల్లో పెడతాం. ఖాళీ వస్తే ఫోన్ చేస్తాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.